కోడలి కుడి చెయ్యి

నాకు అనుమానం ఎక్కువ. ఆ మాట మా ఆయన హోమిద్ పెళ్ళైన మొదటి ఏడే అన్నాడు, ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉన్నాడు. బజార్లో ఖర్బూజా కొంటే కోయించి చూడందే సంచిలో వేసుకోను. ఎవరైనా ఊరికే నవ్వితే ఎందుకు నవ్వారో తేలేదాకా నాకు తిండి సహించదు. అలాంటిదాన్ని, ఇంటికి కొత్తగా వచ్చిన కోడల్ని ఊరికే వదిలేస్తానా? ఆ ఏడు ఖుబానీల కాలమంతా కళ్ళల్లో వత్తులు వేసుకుని దాన్నే చూశాను.

మవ్జూదా చోర్కూ ఊరి పిల్ల. చలికాలంలో మా అబ్బాయి ఉమెద్‌తో పెళ్ళైంది. నోట్లో నాలుక లేని మనిషి. తెల్లారేసరికి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, పాలు పితికి, మేం లేచి వచ్చేసరికి నడుం వంచి సలాం చేసేది. రొట్టెలు మాడవు, టీ చల్లారదు. ఆర్నెల్లలో ఒక్క తప్పు దొరకలేదు. అదే నాకు నచ్చలేదు. ఒక్క తప్పూ చెయ్యని మనిషి ఏదో దాస్తున్నట్టే లెక్క.

మల్బరీలు రాలే రోజుల్లో దానికి మూడు రోజులు జ్వరం వచ్చింది. ముసుగు తన్ని పడుకుంది. కడుపేమో, నాకు చెప్పకుండా ముందు వాళ్ళమ్మకి కబురు పెడుతుందేమో అని వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టాను. నాలుగో రోజు లేచి రొట్టెలు కాల్చింది. కడుపూ లేదు, కాకరకాయా లేదు.

తరవాత పది రోజులకి పొరుగింటి హికోయత్ వచ్చి కూర్చుంది. మవ్జూదా టీ తెచ్చింది. మొదటి పియాలా పెద్దావిడని హికోయత్‌కి అందించింది, ఎడం చేత్తో. కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుంది. మా పద్ధతిలో ఇచ్చేది కుడిది, గుండె మీద ఉండేది ఎడమది, అంటే తలకిందులన్నమాట. హికోయత్ ఆ పియాలా వెంటనే అందుకోలేదు.

"ఏం కరోమత్, చోర్కూలో కుడీ ఎడమా తారుమారయ్యాయా?" అంది.

నా తల కొట్టేసినట్టయింది. ఆవిడ వెళ్ళాక కోడల్ని నిలదీశాను.

"ఏమే, ఆ చేతికేమైంది?"

"ఏం లేదు అత్తమ్మా."

"ఏం లేకపోతే నాకో పియాలా ఇయ్యి. కుడి చేత్తో."

పోసింది. మోచెయ్యి డొక్కకి అంటించుకుని, ఒళ్ళంతా నా వైపు వంచి, ఎలాగో చాచింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. సగం టీ తిండికని నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ మీద, రొట్టెల పక్కన ఒలికింది. కావాలనే ఒలికించిందనుకున్నాను. నోటితో ఎదురుచెప్పలేని కోడళ్ళు చేతులతో చెప్తారు, కోడలిగా ఉన్న రోజుల్లో నేనూ అదే చేశాను.

మర్నాడు తెల్లవారుజామున పాలబకెట్టు చప్పుడు తేడాగా వినిపించింది. ఒక్క చేత్తో పితికితే ధార ఆగి ఆగి పడుతుంది. లేచి వెళ్ళి గడ్డివాము వెనక నిలబడ్డాను. మవ్జూదా ఆవు డొక్కకి నుదురు ఆనించి ఎడం చేత్తో పితుకుతోంది. కుడి చెయ్యి పొట్టకి అదుముకుని ఉంది. తల రుమాలు కొస నోట్లో కుక్కుకుంది. వీపు ఎగిరెగిరి పడుతోంది. గొంతు మాత్రం బయటికి రావట్లేదు.

ఎవరూ లేనప్పుడు నాటకమెందుకాడుతుంది అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం నాకిప్పటికీ గుర్తుంది. నేనక్కడున్నట్టు పసిగట్టే ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, వచ్చి మళ్ళీ పడుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఉమెద్ మాట కదిపాడు. పళ్ళ లారీ తోలుతాడు వాడు, మూడు రోజులకోసారి ఇంటికొస్తాడు.

"అమ్మా, మవ్జూదాకి భుజం నొప్పట. పడుకోలేక గోడకానుకుని కూర్చునే కునుకు తీస్తోంది. లోపల ఎవరో కత్తి పెట్టి తిప్పుతున్నట్టుందట."

"నాకు చెప్పలేదేం? నేనేమన్నా పరాయిదాన్నా?"

"నువ్వు అడిగే పద్ధతికి ఎవరు చెప్తారమ్మా? పోలీసులు నయం."

ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్-రే తీయించాడు. ఎముక రాయిలా ఉంది, వయసు పిల్ల, పనెక్కువై పట్టేసుంటుంది అన్నారు. నొప్పి బిళ్ళలు ఇచ్చారు. అవి మింగినా మింగకపోయినా ఒకటే అయింది. ఎముక రాయిలా ఉంటే మరి నొప్పెక్కడిది? నా అనుమానానికి ముద్ర పడింది.

అయినా రెండు వారాలు గడిచాక ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని ఉస్తో కాదిర్‌ని పిలిపించాను. ఎముకలు కట్టడంలో ఆయన చెయ్యి గొప్పదని పేరు. కోడల్ని నేల మీద పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగాడు. మవ్జూదా అరిచింది. దాని గొంతు నేను గట్టిగా వినడం అదే మొదలు.

"కీలు జారింది, ఎక్కించాను. నాలుగు రోజుల్లో చూడండి," అన్నాడు.

నిజంగానే నాలుగైదు రోజుల్లో నొప్పి పోయింది. ఆ పిల్ల చెప్పక్కర్లేదు, నేనే చూశాను. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద కుడి వైపుకి తిరిగి ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది. మూడు వారాల నిద్ర ఒక్కసారే పోతున్నట్టుంది. ఉస్తో కాదిర్‌కి మంచి పుంజుని పంపించాను.

ఖుబానీలు ఒక్కసారే పండుతాయి. మన పని తెమిలేదాకా అవి ఆగవు. ఆ శుక్రవారం మా తోటలో హషర్ పెట్టాం, ఇరుగుపొరుగంతా వచ్చి చెయ్యి వేసే పని. వాడంతా కదిలొచ్చింది. మగవాళ్ళు చెట్లు దులుపుతుంటే ఆడవాళ్ళం గింజలు తీసి పళ్ళేల్లో పరిచాం. ఎండాక రంగు మారకుండా గంధకం పొగ పెట్టిన పళ్ళేలు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని ఎండబెట్టడానికి కప్పు మీదికి పంపించాలి. కప్పు మీద హోమిద్ ఉన్నాడు. కింద చివరి మనిషి కోడలు. కొత్త కోడలు పళ్ళేలెత్తుతుంటే చూడాలని అందరికీ సరదా.

మొదటి పళ్ళెం గుండెలదాకా ఎత్తింది. పైకి పోలేదు. ఎడం చెయ్యి లేచింది, కుడిది భుజం దగ్గర ఆగిపోయింది. పళ్ళెం ఒరిగిపోయి, పక్కనున్న హికోయత్ నెత్తి మీద, మెడ మీద, గౌను లోపల ఖుబానీలు వర్షంలా కురిశాయి. అందరూ విరగబడి నవ్వారు. నేను నవ్వలేదు.

"నొప్పా?" అని అడిగాను, పది మంది వింటుండగా.

"లేదు అత్తమ్మా."

"లేకపోతే ఎత్తు."

"ఎత్తుతూనే ఉన్నాను. చెయ్యి వెళ్ళట్లేదు."

"వెళ్ళట్లేదా? అది చెయ్యా, మా గాడిదా?" అంది ఎవరో. మళ్ళీ నవ్వులు. మవ్జూదా పళ్ళెం కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళు ఒక్కొక్కటే ఏరింది, ఎడం చేత్తో.

సాయంత్రం హికోయత్ జుట్టులోంచి ఖుబానీ తొక్కలు దులుపుకుంటూ నా చెవిలో వేసింది. "నాకు తెలిసినామె చోర్కూలో ఉంది. ఈ పిల్ల మేనత్తకి చెయ్యి పడిపోయిందట. వంశంలోనే ఉందేమో. నీకు అంటగట్టారేమో చూసుకో."

అంతే. ఆర్నెల్లుగా దొరకనిది దొరికింది. నొప్పి తగ్గాక కూడా ఎత్తకపోతే రెండే సంగతులు. పని తప్పించుకోవడమైనా కావాలి, లేదా పెళ్ళికి ముందునించే చెయ్యి చచ్చుదైనా కావాలి. ఏదైనా నాకక్కర్లేదు. పళ్ళు ఎండేలోపు దాన్ని పుట్టింటికి పంపించెయ్యాలని నిశ్చయించుకున్నాను. ఊరికే పంపితే మాట మన మీదికొస్తుంది. ముందునించే ఉన్న జబ్బని డాక్టరు కాగితం ఒకటుంటే నోళ్ళు మూతపడతాయి.

హోమిద్‌కి చెప్తే గడ్డం గోక్కున్నాడు.

"నీకు కావలసింది వైద్యమా, సాక్ష్యమా?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు కరోమత్. పిల్ల మంచిది. వదిలెయ్యి."

"మీకు అందరూ మంచివాళ్ళే."

ఉమెద్‌కి అసలు సంగతి చెప్పలేదు. ఖుజంద్‌లో పెద్ద నరాల డాక్టరుందట, చూపించుకొస్తానన్నాను. వాడు నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. చేతులు విడిపించుకుని ప్రయాణానికి కోడలి మూట కట్టించాను.

డాక్టర్ ముఅత్తర్‌కి నలభై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాల వెనక కళ్ళు అలిసిపోయి ఉన్నాయి. మవ్జూదాని బయట బల్ల మీద కూర్చోబెట్టి ముందు నేను లోపలికెళ్ళాను. "జబ్బు పెళ్ళికి ముందుదా తర్వాతదా, కాగితం మీద రాసివ్వాలి," అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, "ముందు మనిషిని చూడనివ్వండి," అంది.

కోడల్ని పిలిచాను.

"ఎక్కడమ్మా నొప్పి?"

"నొప్పేం లేదండీ."

"మరెందుకొచ్చావు?"

మవ్జూదా నా చెప్పుల వైపు చూసింది. అత్తగారు పక్కనుండగా కోడలు గొంతెత్తి తన ఒంటి సంగతి చెప్పుకోవడం మా ఇళ్ళల్లో లేదు. అందులోనూ మొదటి ఏడు. ఒంట్లో బాగాలేదంటే లోపమున్న పిల్లనిచ్చారని అమ్మానాన్నల్నే అంటారు. నేనే అందుకున్నాను.

"ఇదిగో, ఇలాగే డాక్టరమ్మా. నొప్పి లేదంటుంది, పని చెయ్యదు. నేను మొదటినించీ కనిపెడుతూనే ఉన్నాను. మల్బరీలు రాలేటప్పుడు మూడు రోజులు జ్వరమని పడుకుంది."

"అంటే మే నెల మధ్యన."

"మే నెలో గీనెలో. తగ్గిన పదో రోజు పెద్దావిడకి ఎడం చేత్తో టీ ఇచ్చింది. ముందు రోజు సాయంత్రం చూస్తే రెండు చేతులా రెండు బకెట్లు మోసింది. తెల్లారేసరికి కుడి చెయ్యి డొక్కకంటుకుపోయింది. తర్వాత మూడు వారాలు ఒరిగి పడుకోలేదు. పొద్దున్నే ఆవు దగ్గర నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది, నేను గడ్డివాము వెనకనించి చూశాను. దువ్వెన ఎడం చేత్తో, గరిటె ఎడం చేత్తో. ఎముకలు కట్టేవాడొచ్చి లాగాడు. నాలుగు రోజులకి ఆ పక్కకే తిరిగి హాయిగా నిద్రపోయింది, అదీ చూశాను. సరే తగ్గిందిగదా అని పళ్ళెం ఎత్తమంటే ఎత్తదు."

డాక్టరు రాయడం మొదలుపెట్టి చాలాసేపయింది. అప్పుడు పెన్ను ఆపింది.

"మళ్ళీ చెప్పండి. నొప్పి ముందు పోయిందా, చెయ్యి ముందు పడిపోయిందా?"

"నొప్పే ముందు పోయింది. నా అనుమానమే అది. నొప్పున్నప్పుడు ఎత్తలేదంటే అర్థముంది. పోయాక ఎత్తకపోవడమేంటి?"

"మెడ తిప్పినప్పుడు నొప్పి చేతిలోకి పాకేదా?"

"లేదు. పిలిస్తే చక్కగా తల తిప్పి చూసేది."

"పెద్దమ్మా, రోగిని ఇంత కనిపెట్టి చూసినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. సగం పని మీరే చేశారు," అంది.

సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకు గర్వంగానే అనిపించింది. పక్కన మవ్జూదా తలెత్తి నా ముఖంలోకి చూసింది. పెళ్ళైనప్పట్నించీ అలా చూడ్డం అదే మొదలు.

డాక్టరు దాని మెడ అటూ ఇటూ తిప్పించింది, చిన్న సుత్తితో మోచేతి దగ్గర కొట్టింది, చెయ్యి బయటికి తిప్పమని తన చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత పై గౌను తీయించి, గోడకి రెండు అరచేతులూ ఆనించి తొయ్యమంది.

ఆర్నెల్లు ఒకే ఇంట్లో ఉన్నా ఆ పిల్ల వీపు నేను చూడలేదు. వదులు గౌను, పైన పొడుగు రుమాలు, ఎలా కనపడుతుంది? గోడని తొయ్యగానే ఎడం వైపు రెక్క ఎముక కదలకుండా ఉంది. కుడి వైపుది వీపులోంచి లేచి నిలబడింది. దాని కింద నా నాలుగు వేళ్ళూ దూరేంత సందు. ఆ ఎముకకి పైన కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. నాటకమని పేరు పెట్టడానికి నాకక్కడ ఏమీ దొరకలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

పక్క గదిలో సన్నటి సూదులు కండలో గుచ్చి చూశారు. చెయ్యి బిగించమంటే ఎడం వైపు యంత్రం హోరెత్తింది. కుడి వైపు అక్కడొకటి ఇక్కడొకటి టక్కుమని ఊరుకుంది.

"మెడ దగ్గర్నించి భుజానికి దిగే నరాల గుత్తి వాచింది," అంది డాక్టరు. "జ్వరం తర్వాత కొందరికిలా వస్తుంది. ఒక్కసారిగా భరించలేని నొప్పి, రెండు మూడు వారాలు. అది తగ్గుతుంటే కండ పడిపోవడం బయటపడుతుంది. ఎముకలో ఏమీ ఉండదు, ఎక్స్-రేలో కనపడదు. కీలనుకుంటారు, మెడనుకుంటారు, బద్ధకమనుకుంటారు. ముందు నొప్పి, తర్వాత బలహీనత, ఆ వరస ఎవరైనా సరిగ్గా చెప్తేనే పట్టుకోగలం."

"మరి కాదిర్ లాగితే తగ్గింది కదా?"

"తగ్గే రోజుకి ఆయన వచ్చాడు. ఇంకెప్పుడూ లాగనివ్వకండి. వ్యాయామం నేర్పిస్తాం. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. చాలామందికి చాలావరకు తిరిగొస్తుంది, పూర్తిగా వస్తుందని మాటివ్వలేను. అప్పటిదాకా తలపైకి బరువెత్తించకూడదు."

"ఆ నొప్పి... ఎంతుంటుంది?" అని అడిగాను.

"కాన్పు నొప్పే దీనికన్నా నయమని చెప్పినవాళ్ళున్నారు." తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"వాళ్ళ మేనత్తకి చెయ్యి పడిపోయిందట," అన్నాను, అలవాటుకొద్దీ.

మవ్జూదా ఈసారి నా చెప్పుల వైపు చూడలేదు. "మా మేనత్త చెయ్యి పత్తి మిల్లులో యంత్రంలో పడింది. ఊరంతా ఎరుగుదురు. నన్నడిగితే చెప్పేదాన్ని," అంది.

డాక్టరు కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ముద్ర వేసి దాని ఎడం చేతికిచ్చింది. "మీ అత్తగారు అడిగారు, పెళ్ళికి ముందుదా తర్వాతదా అని. మే నెలలో మొదలైందని రాశాను." ఆవిడ మనసులో ఏ దురుద్దేశమూ లేదు. మవ్జూదా ఆ కాగితం రెండుసార్లు చదివింది. అత్తగారు ఇలాంటి కాగితం ఎందుకడుగుతుందో తెలియని కోడలు మా వైపు ఉండదు. మడిచి రుమాల్లో కట్టుకుంది.

తిరుగు దారిలో, బండి మారే ఇస్ఫరా దాకా వ్యాన్‌లో పక్కపక్కనే కూర్చున్నాం. కైరక్కుమ్ జలాశయం దాటేదాకా అది కిటికీలోంచి చూస్తూనే ఉంది. అప్పుడు అడిగింది.

"గడ్డివాము వెనక మీరున్నారా?"

"ఉన్నాను."

"చాలాసేపా?"

"కొంచెంసేపు."

"మీకు నిద్ర చెడుతుందని నోట్లో గుడ్డ పెట్టుకున్నాను," అంది.

అంటే దానికి తెలీదు. నేనక్కడున్నట్టు పసిగట్టిందని నేననుకున్నదంతా నా మనసు అల్లుకున్నదే. నిమిషం క్రితం వరకూ అది నా కళ్ళ ముందు నిజంలా ఉంది. క్షమించమని అడగాలనిపించింది. పెద్దదాన్ని, అత్తని, వ్యాన్‌లో ఎదురుగా ఇద్దరు ముసలాళ్ళు చెవులప్పగించి కూర్చున్నారు. దానికి బదులు రొట్టె తుంచి ఇచ్చాను. తీసుకుంది, తినలేదు.

ఇస్ఫరా స్టాండులో దిగాక అది మా ఊరి వ్యాన్ వైపు రాలేదు. చోర్కూ వ్యాన్ వైపు నడిచింది.

"ఎక్కడికే?"

"ఇంటికి. నన్ను పంపించడానికి కాగితం కావాలన్నారుగా, వచ్చింది. ఉమెద్ గారు లారీ దిగాక చెప్పండి, ఆయనకి రావాలనిపిస్తే అక్కడికే వస్తారు."

"అందులో నీ తప్పు లేదని రాసుందే!"

"చదివాను అత్తమ్మా."

వెళ్ళొద్దు అనడానికి నాకు ఏ హక్కూ కనపడలేదు. దాని మూట నా చేతిలోనే ఉంది. ఆ చేత్తో అది మొయ్యలేదని నెపం పెట్టుకుని నేనూ ఎక్కాను. దారంతా నిలబడే ఉన్నాను, పక్కన కూర్చోమని అది అనలేదు.

గుమ్మం తీసింది వియ్యపురాలే. కూతుర్ని చూడగానే రెండు చేతులూ చాచి ముందుకొచ్చింది. "వదినా, కుడి భుజం, మెల్లగా," అన్నాను. ఆవిడ చేతులు గాల్లో ఆగిపోయాయి. గౌను మీదనించే కూతురి భుజం తడిమింది. కండ ఉండాల్సిన చోట వేళ్ళు ఎముకకి తగిలినట్టున్నాయి, ముఖం మారిపోయింది.

"ఏమైందే నీకు? ఎప్పట్నించి?"

"నన్నడక్కు అమ్మా," అంది మవ్జూదా. "మా అత్తమ్మ అన్నీ చూసింది. రోజులతో సహా ఆవిడే చెప్తుంది." చెప్పులు విడిచి లోపలికెళ్ళిపోయింది.

వియ్యపురాలు నా వైపు తిరిగింది. మూట చేత్తో పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడి చెప్పాను. జ్వరం, టీ, ఆవు, పళ్ళెం. కాగితం ఎందుకడిగానో అది కూడా చెప్పాను, ఎవరూ అడక్కపోయినా.  అంతా అయ్యాక ఆవిడ నా చేతిలోంచి మూట తీసుకుంది. లోపలికి రమ్మనలేదు.